ఎండుచేపల కుండ

అనగనగా, సముద్రం ఊళ్ళకు ఇప్పటికంటే దగ్గరగా ఉన్న రోజుల్లో, ఒక రేవులో కొర్లయ్య అనే జాలరి, అతని భార్య పోలమ్మ ఉండేవారు.

ఆ రేవుకు ఒక కట్టుబాటు ఉంది. చేపలు మగవాడు పట్టాలి, ఆడది అమ్మాలి, వచ్చిన డబ్బు ఆమె రొంటిన ఉండాలి. ప్రతి కాసూ ఇంటిదే. ముసురు నెలల్లో తెప్ప కదలదు గనుక రోజూ కొన్ని చేపలు ఎండబెట్టి కుండలో దాచాలి. ఇంత చక్కగా ఏర్పాటు చేసిన పెద్దలు ఒక్కటి మరచిపోయారు. మనిషికి తనకోసం ఏదైనా తినాలనో కొనాలనో బుద్ధి పుడితే ఎక్కడ తీసుకోవాలో చెప్పలేదు.

కొర్లయ్యకు చుట్టల మీద మనసు పోయింది. భార్యను అడగడానికి సిగ్గేసింది. తెప్ప దిగగానే ఒక చేపను ఇసుకలో పూడ్చాడు, తరువాత అమ్ముకుందామని.

"కొర్లయ్య బావా."

ఇసుకలోంచి రెండు కళ్ళు లేచాయి. పీత. (పీతకు కళ్ళు కాడల మీద ఎందుకుంటాయన్నది వేరే కథ, చాలా పొడుగు.)

"అక్కకు చెప్పనులే. నాకూ ఒకటి పడెయ్యి."

కొర్లయ్య అటూ ఇటూ చూశాడు. పడేశాడు. ఆ నాటినుంచి రోజుకొకటి దానికి.

రెండోవారం పీత రోజుకు రెండు అడిగింది. ఇచ్చాడు. పోలమ్మ గంప దించిన చప్పుడుకే ఉలిక్కిపడేవాడు. "ఈమధ్య చేప తగ్గిందేటి మావా?" అని ఆమె అంటే తప్పు సముద్రం మీదికి నెట్టేవాడు. వాసన పట్టేస్తుందేమోనని చుట్ట కాల్చడం కూడా మానేశాడు.

మూడోవారం పీత అంది: "కుండలోవి పట్రా బావా. లేకపోతే ఇవాళే మీ గడపలో కూర్చుని అంతా చెబుతా."

ఆకాశం నల్లబడుతోంది. పోలమ్మ సంతకు వెళ్ళిన వేళ చూసి కొర్లయ్య కుండ మూత తీశాడు. మోచెయ్యి దాకా పెట్టాడు. భుజం దాకా పెట్టాడు. వేళ్ళకు కుండ అడుగు తగిలింది.

వెనక గడపలో నీడ పడింది.

"చెయ్యి తియ్యి మావా. అందులో ఏం లేదు."

ఆమె తిట్టలేదు. అదే అతన్ని మరింత భయపెట్టింది.

"నేను తియ్యలేదే పోలీ."

"నేనే తీశాను." అంది పోలమ్మ. "ఇంటి డబ్బుతో సంతలో రోజూ ఒక తియ్యటి నువ్వుజీడి కొనుక్కు తినేదాన్ని. రేవులో మూతి కడుక్కుంటుంటే ఒకడు చూశాడు. వాడి నోరు మూయడానికి కుండ ఖాళీ చేశాను."

కొర్లయ్య మెల్లగా అడిగాడు. "వాడి కళ్ళు కాడల మీద ఉంటాయా?"

"పక్కకు నడుస్తాడు కూడా," అంది పోలమ్మ.

కొర్లయ్య తన చుట్టల సంగతీ చెప్పాడు. ఇద్దరూ కలిసి రేవుకు వెళ్ళారు. పీత కుండంత బలిసి ఉంది.

"ఊరంతా చాటుతా," అంది.

"చాటుకో. మేము ఇంట్లో చెప్పేసుకున్నాం," అంది పోలమ్మ.

పీత పక్కకు పరుగెత్తింది. తన కన్నంలో తానే పట్టలేదు. ఆ ఏటి ముసురులో మొదటి పులుసు దానిదే. అది రెండు పూటలు వచ్చింది. మిగిలిన ముసురంతా ఇద్దరూ గంజితో గడిపారు.

తెరిపి ఇచ్చాక ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. తెప్ప ఒడ్డుకు రాగానే మొదటి చేప కొర్లయ్యది, రెండోది పోలమ్మది. వాటిని ఏం చేసుకున్నావని ఒకరినొకరు అడగరు. మిగతావన్నీ ఇంటివి.

కాబట్టి పిల్లలూ, ఎవరి చేతిఖర్చు వారు ముందే చెప్పుకుని విడిగా పెట్టుకున్న ఆలుమగలకు ఒకరివల్ల ఒకరికి భయముండదు. చాటుగా తీసుకున్నది ఎంత చిన్నదైనా ఇల్లంతా తినేస్తుంది.