నాలుగూ కుడికాళ్లున్న పులి

మా అడవిలో వాగు రేవే బడి. పంతులమ్మ తీతువు పిట్ట. తెల్లారేసరికి రేవు ఇసుక మీద ఎవరెవరు నీళ్లకొచ్చి వెళ్లారో వాళ్ల అడుగులన్నీ ఉంటాయి. ఏ అడుగు ఎవరిది, ఆకలి మీదున్నదా, కడుపు నిండినదా, ఎటు పోయింది, అన్నీ ఆ పిట్ట విడమరిచి చెబుతుంది. నేర్చుకునేవాళ్లు నేర్చుకుంటారు. నేను నక్కని. నీకేమే, తెలివైనదానివి అని పుట్టినప్పటి నుంచీ అందరూ అంటుంటే నమ్మేశాను. నాలుగు రోజులు వెళ్లి మానేశాను.

కాటుక మానలేదు. కాటుక ఎలుగుబంటి కూతురు. వాళ్ల నాన్న ఇప్పచెట్ల కింద బండగుంటల్లో నాని పులిసిన పూలు మెక్కి మూడేసి రోజులు లేవడు. అలా పడి ఉన్నప్పుడే వాళ్ల గుహలోకి ముళ్లపంది కుటుంబం దిగింది. ఒళ్లంతా ముళ్లున్నవాళ్లని ఖాళీ చేయించేదెవరు? తల్లి అంతకుముందే పోయింది. తండ్రీకూతుళ్లది ఈ పొదలో ఒక పూట, ఆ రాయి చాటున ఒక పూట.

నాకు సొంత బొరియ ఉంది. వేటాడి తెచ్చిపెట్టే అమ్మ ఉంది. అయినా కాటుకని చూస్తే నాకు కడుపు మండేది. ఎప్పటినుంచో కూడా చెబుతాను. ఒకరోజు పంతులమ్మ అందరి ముందూ అంది, "ఈ పిల్లకి అడుగులు చదవడం సగం ముందే వచ్చు. తూలుకుంటూ పోయిన వాళ్ల నాన్నని రోజూ వెతుక్కుంటూ నేర్చుకుంది." మా ఇంట్లో ఎవరూ ఇప్పపూల జోలికి పోరు. అది నా తప్పా?

"ఏమే కాటుకా, మీ నాన్న ఇవాళ ఏ చెట్టు కింద?" అని దారిలో ఆపి అడిగేదాన్ని.

"మూడో చెట్టు కింద అక్కా. ఎడమకి ఒరిగి నడిచాడు, ఎక్కువే తిన్నాడు," అనేది, వాతావరణం చెప్పినట్టు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం శాంతిగా ఉండేది.

ఇంకో పదిరోజుల్లో వానలనగా అడవిదున్న పెద్దయ్య అందరినీ రేవు దగ్గరకి పిలిచాడు.

"రోజూ పొద్దున్నే అడుగులు చూసి పులి ఎటు పోయిందో మందకి చెప్పాలి. పంతులమ్మకి చూపు ఆనడం లేదు. చెప్పగలిగినవాళ్లకి రేవు పక్క గుహ ఇస్తాం. ఎవరున్నారు?"

"నేను చెబుతానయ్యా," అంది కాటుక. ఈ వానలకి కూడా తండ్రి బయటే పడి ఉంటే బతకడని దానికి తెలుసు, మాకూ తెలుసు.

"తాగుబోతు పిల్ల మాట నమ్మి మేతకి వెళ్తారా పెద్దయ్యా?" అన్నాను.

"రేపు పొద్దున్న చూద్దాం. తప్పు చెబితే గుహ లేదు," అన్నాడు దున్న.

నిరుడు చచ్చిన ముసలి పులి పంజా ఒకటి ఎండిపోయి మా బొరియలో మూల పడి ఉంది. మర్నాడు తెల్లారకముందే దాన్ని నోట కరుచుకుని అందరికంటే ముందు రేవుకి పోయాను. ఒడ్డు నుంచి కొండ వైపు పంజా అద్దుకుంటూ వెళ్లాను. నా అడుగులు నా తోకతోనే ఊడ్చేశాను. కాటుక చూసి, పులి కొండకి పోయింది అంటుంది. కొండ మీద పులి లేదని నేనే వెళ్లి చూసొచ్చి చెబుతాను. గుహ పోతుంది. నాకా గుహ అక్కర్లేదు. దానికి రాకపోతే చాలు.

పొద్దున్న అంతా చేరారు. కాటుక ఇసుక మీద వంగింది. ఒక అడుగు చూసింది, రెండోది చూసింది, వెనక్కి వచ్చి మొదటిది మళ్లీ చూసింది. నాకు లోపల పండగ.

"పులి ఎటు పోయింది?" అన్నాడు దున్న.

"పులి రాలేదయ్యా."

"ఇన్ని అడుగులుంటే రాలేదంటావేంటే?" అన్నాను నేను.

"ఇవన్నీ ఒకే కాలు అక్కా. కుడి ముందుకాలు. నాలుగూ కుడికాళ్లే ఉన్న పులి ఎక్కడుంటుంది? పైగా పులి బరువుకి ఇసుక ఇంకా దిగాలి. ఇది ఎవరో అద్దుకుంటూ పోయారు, వెనకాలే ఊడ్చుకున్నారు."

అందరి చూపూ నా తోక మీదికి వచ్చింది. తడి ఇసుక ఇంకా అంటుకునే ఉంది.

"నేను నీళ్లు తాగడానికి వచ్చాను," అన్నాను.

"తోకతోనా?" అన్నాడు దున్న. కుందేళ్లు కూడా నవ్వాయి. నన్ను చూసి కుందేళ్లు నవ్వడం అదే మొదలు.

పంతులమ్మ నవ్వలేదు. "కుడి ఎడమల తేడా ఐదో రోజు పాఠమమ్మా," అంది. "నువ్వు నాలుగో రోజే వెళ్లిపోయావు."

గుహ కాటుకకి ఇచ్చారు. మొదట్లో ఎలుగుబంటి పూలు తినొచ్చి, తినలేదే తల్లీ అని ఒట్టు పెట్టేవాడు. కాటుక రేవు ఇసుక కేసి ఒకసారి చూసి, "బయట బండ మీద పడుకో నాన్నా. మత్తు దిగాక లోపలికి రా," అనేది. అడుగులు చదివేదాని దగ్గర అబద్ధం ఎన్నాళ్లు సాగుతుంది? వానలు ముదిరేసరికి రోజు విడిచి రోజు లోపల పడుకున్నాడు. ఆ తర్వాత రోజూ లోపలే. అప్పుడప్పుడూ ఇప్పచెట్ల వైపు తిరిగి నిలబడతాడట. నిలబడి వచ్చేస్తాడట.

ఇవాళ రేవుకి నీళ్లకి వెళ్లాను. గుహ ముందు ఆయన అడుగులున్నాయి. తిన్నగా పడ్డాయా, ఒరిగి పడ్డాయా అని చాలాసేపు చూశాను. తూలి ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను, దాచడమెందుకు. ఏమీ తెలియలేదు. కాటుక పిల్లకుందేళ్లకి పాఠం చెబుతూ తలెత్తి, "కూర్చో అక్కా, ఇవాళ ఐదో రోజే," అంది.

నేను కూర్చోలేదు. నీళ్లు కూడా తాగకుండా వచ్చేశాను.

నీతి: పక్కవాళ్లకి చదువు వస్తోందని కుళ్లుకున్నంతసేపు పక్కన కూర్చుని ఉంటే, మనకీ వచ్చి ఉండేది.