గులాబీ రంగు అంగిలి

మూడోసారి కూడా అసిరమ్మ చీటీ పట్టుకుని గుమ్మంలో నిలబడేసరికి డాక్టర్ వినీల్‌కి ఓపిక అయిపోయింది.

అసిరమ్మకి అరవై దాటాయి. జీడిపిక్కలు ఒలిచే షెడ్డులో పని. జీడి అంటుకుని నల్లబడ్డ వేళ్ళు, నెరిసిన ముడి. నవ్వితే మాత్రం పలువరస ముత్యాల్లా ఉంటుంది. రెండు నెలలుగా ఆమెది ఒకటే మాట.

"కారం తగిల్తే నోరు భగ్గుమంటంది బాబూ. గంజి మెతుకులు తప్ప ఏటీ దిగడం నేదు."

మొదటిసారి వచ్చినప్పుడు వినీల్ టార్చి వేసి నోరంతా చూశాడు. పుండు లేదు, గడ్డ లేదు. బలానికి మాత్రలు రాసి పంపాడు. రెండోసారి మెడ తడిమి చూసి, ఎందుకైనా మంచిదని స్కానింగ్ తీయించాడు. తలలోనూ మెడలోనూ దాగిన గడ్డల్ని స్కాన్ బొమ్మల్లో పట్టుకోవడంలో వాళ్ళ కాలేజీ మొత్తానికి వినీల్‌దే పైచేయి. ఎంత వెతికినా ఆ బొమ్మల్లో మచ్చంటూ కనబడలేదు.

"నీకేమీ జబ్బు లేదమ్మా. మనసులో భయం పెట్టుకున్నావు, అంతే," అన్నాడు ఇప్పుడు.

అసిరమ్మ గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"బయమైతే గుండిలో ఉండాల గదా బాబూ. నోట్లో మండుతాదేటి?"

పెద్దాయన చేత ఒక మాట చెప్పిస్తే ఈవిడ ఇంటికి పోతుందనుకుని, వినీల్ ఆమెను పక్కగదిలోకి తీసుకెళ్ళాడు.

పక్కగదిలో ఉండేది పరాంకుశం మాస్టారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. నోటి కేన్సర్లు, మెడ గడ్డలు చూడడంలో చెయ్యి తిరిగిన వైద్యుడు. రిటైరయ్యాక సముద్రం ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరి ఆసుపత్రిలో పొద్దున పూట వచ్చి కూర్చుంటున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకోవాలనే వినీల్ పట్నంలో మంచి ఉద్యోగం వద్దనుకుని వచ్చాడు.

వచ్చిన నెల్లాళ్ళకే కుర్రవాడికి గుండె జారిపోయింది. మాస్టారికి మతిమరుపు. వినీల్ పేరు వారానికి రెండుసార్లయినా అడుగుతారు. టీ తాగి గ్లాసు కింద పెట్టి, పావుగంట పోయాక "టీ ఇంకా రాలేదేం?" అంటారు.

ఇంకో అలవాటు కూడా ఉంది ఆయనకి. ఎవరు వచ్చినా, చెవి పోటన్నా సరే, గొంతు బొంగురన్నా సరే, పెదాల దగ్గర మొదలుపెడతారు. తర్వాత బుగ్గల లోపల, నాలుక పైన, నాలుక అంచులు, నాలుక కింద, అంగిలి, గొంతు, చివరికి మెడ. పోస్టుమాను ఇల్లిల్లూ తిరిగినట్టు వేలితో వరసగా తిరిగి వస్తారు. మొదలుపెట్టే ముందు అందరినీ ఒకే ప్రశ్న అడుగుతారు.

"కట్టుడు పళ్ళున్నాయా?"

కాలేజీ పిల్లల్నీ అడుగుతారు, కొత్త పెళ్ళికూతుర్నీ అడుగుతారు. నర్సు మార్తమ్మ మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకునేది. ఒకరోజు వినీల్ ఉండబట్టలేక అడిగేశాడు.

"మొహం చూస్తే తెలీదా మాస్టారూ? అందర్నీ అడగడం ఎందుకు?"

"మర్చిపోతానేమోనని, నాయనా," అన్నారాయన.

వినీల్‌కి జాలేసింది. ఇంకెన్నాళ్ళు వస్తారులే, అనుకున్నాడు.

ఇప్పుడు అసిరమ్మ ఫైలు ఆయన ముందు పెట్టి, "రెండు నెలలుగా తిరుగుతోంది మాస్టారూ. స్కాన్ కూడా బాగుంది. మీరొక మాట చెబితే వింటుందని..." అన్నాడు.

మాస్టారు ఫైలు తెరవలేదు. స్టూలు ఆమె దగ్గరికి జరుపుకున్నారు.

"నీ పేరేమిటక్కా?"

"అసిరమ్మ, బాబూ."

"కట్టుడు పళ్ళున్నాయా?"

అసిరమ్మ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

"లేవు మాస్టారూ," అన్నాడు వినీల్. "నేను చూశాను. పళ్ళు బాగున్నాయి. అంగిలి కూడా బాగుంది, గులాబీ రంగులో నున్నగా. ఫైల్లో రాశాను."

మాస్టారు అతనివైపు చూడలేదు. లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి బల్లమీద పెట్టుకున్నారు. బొటనవేలు నోట్లో పెట్టి పై పళ్ళ వరస మొత్తం ఊడదీసి, ఆ నీళ్ళలో వేశారు.

మార్తమ్మ చేతిలో పళ్ళెం ఖంగుమంది. ఆర్నెల్లుగా పక్కనే కూర్చుంటున్నాడు వినీల్, అతనికీ ఈ సంగతి తెలీదు.

మాస్టారి బుగ్గలు లోపలికి పోయాయి. ఒక్క క్షణంలో ఆయనకి ఇంకో పదేళ్ళు పైబడ్డట్టయింది.

"పదకొండేళ్ళయింది," అన్నారు చిగుళ్ళతో. "మా ఆవిడ తప్ప ఎవరూ చూళ్ళేదు. ఈ పిల్లడి ముందు ఇవాళ పరువు పోయింది."

అసిరమ్మ కొంగు చాటున కిసుక్కున నవ్వింది.

"నా పెనిమిటికే సూపించనేదు బాబూ నాను. మనవరాలి పెళ్ళికని మా కొడుకు కట్టించినాడు," అంది. గోడవైపు తిరిగి తీసి, సిగ్గుపడుతూనే మార్తమ్మ పట్టిన పళ్ళెంలో పెట్టింది.

ముత్యాల పలువరసతో పాటు దాన్ని పట్టుకుని ఉన్న బిళ్ళ కూడా వచ్చింది. నోటి పైకప్పు మేర పొడుగూతా పరుచుకునే ప్లాస్టిక్ బిళ్ళ. గులాబీ రంగు. నున్నగా ఉంది.

వినీల్ దానికేసి చూస్తూ ఉండిపోయాడు. తను ఫైల్లో అంగిలి అని రాసింది దీన్నే.

మాస్టారు టార్చి అతని చేతికిచ్చారు. "నువ్వు చూడు, నాయనా."

అసిరమ్మ తల వెనక్కి వాల్చింది. అసలైన అంగిలి అప్పుడు కనబడింది. బూడిద పూసినట్టు తెల్లగా ఉంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. వెనకవైపు ఒక చోట కందిబద్దంత మేర ఎర్రగా, వేరుగా ఉంది. వినీల్ తొడుగు వేసుకుని వేలితో తాకాడు. చుట్టూరా మెత్తగా ఉంది, అక్కడ మాత్రం వేలికి గరుగ్గా తగిలింది. స్కాన్‌లో కనబడేంత మందం లేదు దానికి.

"రోజుకి ఎన్ని చుట్టలక్కా?" అన్నారు మాస్టారు.

చుట్ట, బీడీ ఏదీ లేదని ఫైల్లో ఉంది. వినీల్ అడిగే రాశాడు.

"ఆరు," అంది అసిరమ్మ. కాస్త ఆగి, "షెడ్డు మూసేసిన రోజున ఎనిమిది."

"అడ్డపొగేనా?"

"మరి? నిప్పు బయిటికెట్టి కాలిస్తే మగోల్ల సుట్ట అయిపోదా బాబూ!"

ఆ తీరంలో ఆడవాళ్ళకి తాతల నాటి అలవాటు అది. వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. వేడంతా అంగిలికే తగులుతుంది. అసిరమ్మ రోజూ షెడ్డు వెనక్కి వెళ్ళి, పళ్ళు తీసి కొంగున ముడేసుకుని మరీ పీలుస్తోంది.

"ఈ డాక్టరు బాబు అడిగితే లేదన్నావేం మరి?"

"సదువుకున్న పిల్లడు. తిడతాడేమోనని."

తర్వాత అసిరమ్మే అడిగింది, ఈసారి నవ్వకుండా.

"ఆ మాయదారి జబ్బేనా బాబూ?"

మాస్టారు గ్లాసులోంచి పళ్ళు తీసి పెట్టుకున్నారు. పెట్టుకున్నాక గానీ మాట్లాడలేదు.

"తెలీదక్కా. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాం. ఒకవేళ అదే అయినా, కందిబద్దంత ఉండగానే వచ్చావు. పొమ్మన్నా మళ్ళీ మళ్ళీ వచ్చావు చూడు, చాలా మంచి పని చేశావు."

ఆ మధ్యాహ్నం రోగులందరూ వెళ్ళిపోయాక వినీల్ ఆ ఫైలు పట్టుకుని మాస్టారి గదిలోకి వచ్చాడు. తన దస్తూరీతో 'అంగిలి బాగుంది' అని ఉన్న పుట తెరిచి బల్లమీద పెట్టాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"ఆవిడవి కట్టుడు పళ్ళని మీకెలా తెలిసింది మాస్టారూ?"

"నాకెలా తెలుస్తుంది, నాయనా? తెలిస్తే అడిగేవాణ్ణే కాదు."

ఆయన ఫైలు మూసి అతని చేతికిచ్చి, "టీ ఇంకా రాలేదేం?" అన్నారు.

టీ వచ్చి వెళ్ళి అరగంటయింది. వినీల్ వెళ్ళి ఇంకో టీ తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

పది రోజులకి రిపోర్టు వచ్చింది. జబ్బే. అయితే మొదటి మెట్టులోనే ఉంది, లోపలికి వేళ్ళు దిగలేదు. పట్నంలో చిన్న ఆపరేషన్ చేసి ఆ మేరకు తీసేశారు. మెడలోకి పాకలేదని తేలింది.

మూడో నెలలో ఒక పొద్దున్నే అసిరమ్మ మళ్ళీ వచ్చింది. మనిషి కొంచెం చిక్కింది గానీ మొహంలో కళ తగ్గలేదు.

"ఆవకాయ దాకా ఇంకా రానేదు బాబూ. సారన్నం దాకా వచ్చినాను," అంది. "సుట్ట ముట్టుకోడం నేదు. ముట్టుకుంటే మావోడు ఊరుకోడు."

ఒంటరిగా రాలేదామె. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళని నలుగుర్ని వెంటబెట్టుకొచ్చింది. ముగ్గురు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. నాలుగోది పడుచుపిల్ల, అసిరమ్మ అన్న మనవరాలట, గోడకి ఆనుకుని నిలబడింది.

పక్కగదిలోంచి మాస్టారు తొంగి చూశారు.

"నీ పేరేమిటక్కా?" అన్నారు అసిరమ్మని.

"అయ్యో, మరిసిపోనావా బాబూ! పళ్ళు ఊడదీసి సూపించినావు గదా!"

"ఓహో, నువ్వా," అన్నారాయన సంతోషంగా. "ఇవాళ నాకు వేళ్ళు నొప్పిగా ఉన్నాయి. మా వాడు చూస్తాడు." లోపలికి వెళ్ళిపోయారు.

వినీల్ చేతులు కడుక్కుని స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. కొంగులు అడ్డం పెట్టుకున్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ముందు ఆ చిన్నదాన్నే తోశారు. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

"కట్టుడు పళ్ళున్నాయా అమ్మా?" అన్నాడు వినీల్.

బెంచీ మీద నవ్వులు గొల్లుమన్నాయి.

"నాకింకా పాతికేళ్ళు నిండనేదు! పళ్ళు కట్టించుకోడమేటి! నా మొహం సూస్తే తెల్దేటి బాబూ?"

"తెలీదమ్మా," అన్నాడు వినీల్.

టార్చి వెలిగించి పెదాల దగ్గర మొదలుపెట్టాడు.