ఒళ్లంతా నామమే!

అనగనగా, మరీ అంత పాతకాలమేమీ కాదు, ఒక పెద్ద పట్నం. ఆ పట్నంలో ఒక పార్కు, పార్కు నడుమ ఒక చెరువు. ఆ చెరువులో నామాలకోళ్లు కాపురముండేవి. ఒళ్లంతా కాటుక నలుపు, నుదుట తెల్లటి నామం. అందుకే వాటికా పేరు.

పిల్లలకు ఈకలొచ్చిన రోజున ఒక వేడుక జరిగేది. పెద్ద దిక్కయిన గంపన్న తాత ఒక్కొక్కరి నుదురూ చూసి, "నామముంది! మనవాడే!" అని గుంపులో కలుపుకునేవాడు. గుంపులో లేని పిట్ట గద్ద నోట పడినట్టే.

ఆ ఏడు జున్ను అనే పిల్ల వంతు వచ్చింది. అయ్యో, దాని ఒళ్లంతా తెలుపే! తల నుంచి తోకదాకా పాలనురుగే!

తాత అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. "నామమేదే? మాకే నామాలు పెడదామనుకున్నావా? నువ్వు కొంగపిల్లవి, పో!" అన్నాడు. తల్లి ఎంత మొత్తుకున్నా వినలేదు.

జున్ను ఏడుస్తూ కొంగల దగ్గరికి పోయింది. "ఇంత పొట్టికాళ్ల కొంగ ఎక్కడైనా ఉందా?" అని అవి పకపకా నవ్వాయి. బాతుల దగ్గరికి పోయింది. "ఆ కోసుముక్కుతో బాతువెలా అవుతావమ్మా?" అన్నాయవి. చివరికి రేవులో మెరిసే పెద్ద హంసను చూసి, "అమ్మా, నన్నుంచుకో" అని బతిమాలింది. అది పలకలేదు. ఎలా పలుకుతుంది? అది జనం తొక్కుకుంటూ తిరిగే హంసపడవ!

అంతలో కెవ్వుమని కేక! గద్ద! గద్ద!

నామాలకోళ్లు తలోదిక్కూ పరుగెత్తాయి. ఆ నల్లటి నీళ్లలో నల్లటి తల్లులు పిల్లలకు కనిపించలేదు. జున్ను చెరువు మధ్యకు ఈదింది. తెల్లటి తాను గద్దకూ కనిపిస్తానని తెలుసు. అయినా బెదరలేదు.

"ఇటు రండి! నా చుట్టూ చేరండి!"

పిల్లలన్నీ చేరాయి. గద్ద దిగింది. "కొట్టండి నీళ్లు!" ఛళ్లున ఎగిశాయి నీళ్లు. మళ్లీ దిగింది, మళ్లీ ఛళ్లు! మూడోసారికి పెద్దలూ వచ్చి కలిశారు. రెక్కలు తడిసి ముద్దయిన గద్ద బతుకుజీవుడా అని ఎగిరిపోయింది.

తాత తల దించుకున్నాడు. "మా ప్రాణాలు నిలిపావు తల్లీ. కానీ ఆచారముందే! నామం లేనిదాన్ని ఎలా కలుపుకోను?"

"తాతా, మీకు నుదుట ఒక్కచోటే నామం. నాకు ఒళ్లంతా నామమే! ఇంకా ఎంత కావాలి?" అంది జున్ను.

తాత కడుపుబ్బ నవ్వి, "మన పిల్లే! మన పిల్లే!" అంటూ రెక్క కిందికి తీసుకున్నాడు. చెరువు చెరువంతా కేరింతలు కొట్టింది.

పిల్లలూ, వేరుగా కనిపించినంత మాత్రాన మనవాళ్లను పరాయివాళ్లను చేసుకోకూడదు.