రాగిరాయికి తగిన దెబ్బ

అనగనగా కరువు కమ్మిన ఒక రాజ్యం. ఆ కరువు ఎందుకు వచ్చిందో, ఎందరిని తీసుకుపోయిందో ఈ కథ చెప్పదు. పేదలకు గంజి కాచే గంగాళానికి రాగి కావలసివచ్చిందని మాత్రమే చెబుతుంది.

ఆ రాగి తామ్రగిరిలో ఉన్నది, తెల్లరాతిలో పొదిగిన పచ్చని రాగిరాయిగా. కొండ దిగువన భీమనాథుడనే పెద్ద ఆ రాతిని రోకళ్లతో దంచించి జల్లెడ పట్టించేవాడు. అతని కూతురు కనకాంగి ఆ రవ్వను చేటలో పోసి పారే కాలువలో కడిగేది. తేలికైన తెల్లరాయి నీటివెంట పోయేది. బరువైన రాగిరాయి అడుగున నిలిచేది.

రాజుగారి కబురు అందగానే భీమనాథునికి తొందర పుట్టింది.

"మెత్తగా దంచండి. ఎంత నలిగితే అంత రాగి!"

దంచారు. రాగిరాయి తగ్గింది.

"ఇంకా మెత్తగా!"

మరింత తగ్గింది.

"నాన్నగారూ, వడ్లు దంచమంటే పిండి కొట్టినట్టుంది" అని కనకాంగి నవ్వబోయింది.

"పరిహాసాలు చాలు. లోపం నువ్వు కడగడంలో ఉంది."

మూడోసారి గంధంలా నూరించాడు. అడుగున గుప్పెడే మిగిలింది.

"నీ చేతికి నిలకడ లేదు. మీ మేనమామ ఇంటికి పో!"

కనకాంగి చేట కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

భీమనాథుడు తానే కాలువలోకి దిగాడు. అతనికి ఆ గుప్పెడూ దక్కలేదు. రాళ్లు మోసే ముసలి గాడిద దిగువన నీళ్లలో మూతిపెట్టి, చటుక్కున తీసేసింది.

"తాగవేమే?"

"పొద్దస్తమానం మోసుకొచ్చిన రాయిని మళ్లీ నన్నే తాగమంటారా, అయ్యా? నా వీపు చాలక కడుపు కూడా కావాలా?"

భీమనాథుడు వంగి చూశాడు. నీళ్లు పచ్చగా పారుతున్నాయి. రాగిరాయే పిండియై కొట్టుకుపోతోంది! తడిచేతులతోనే వెళ్లి రోకళ్లు ఆపించాడు.

మర్నాటినుంచి పద్ధతి మారింది. కొద్దిగా దంచడం, వెంటనే జల్లించడం. విడివడిన రవ్వ నీటికి; ఇంకా అతుక్కునివున్న ముక్కలు మాత్రమే తిరిగి రోటికి. గంపలు నిండాయి. గంగాళం పొయ్యికెక్కింది. ఇంట్లో మాత్రం ఆ చేట బోర్లించినట్టే ఉంది.

అంతలో మేనమామ ఊరినుంచి జాబు వచ్చింది.

"నాన్నగారికి నమస్కారాలు. ఇక్కడ ఇసుకను కడుగుతూ ఆ పని మొదటినుంచి నేర్చుకుంటున్నాను. నా చేయి కుదిరిందని తమకు తోచినప్పుడు రమ్మని రాయండి."

భీమనాథుడు ఘంటం అందుకుని, కింద పెట్టాడు. గాడిద వీపున మెత్తని బొంత పరిచి, తెల్లవారేసరికి మేనమామ వాకిట నిలిచాడు.

"లోపం నీ చేతిది కాదమ్మా, నా రోకలిది. ఇంటికి రా తల్లీ."

ఆ జాబుకు అతడు బదులు రాయనేలేదు.

దెబ్బయినా మందలింపయినా తగినంతే ఉండాలి. మితిమీరితే మలినంతోపాటు మేలిమీ కొట్టుకుపోతుంది.