అప్పగింతల గిటారు

అనగనగా ఒక ఊళ్ళో, రేవుకి ఆమడ దూరంలో, ఒక బేండుమేళం ఇల్లు ఉండేదట. పొద్దస్తమానం మోతే మోత. పిం పిం అని క్లారినెట్టు ఊదే మామగారు, భోం భోం అని బాకా ఊదే పెద్దబావగారు, ఢం ఢం అని డోలు కొట్టే చిన్నబావగారు, ఛిం ఛిం అని తాళాలేసే మొగుడు. ఎవరి మొగుడంటారా? వస్తున్నానుండండి, అన్నిటికీ తొందరే, అచ్చం మీ తాత పోలిక.

ఆ ఇంటికి చిన్నకోడలుగా నూకరత్నం అనే పిల్ల వచ్చింది. రేవులో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ళ నాన్నా పాటగాడే. ఆయనకి ఒక ఓడ కళాసీ గిటారిచ్చి, తన దేశంలో పత్తిచేలల్లో కూలిజనం పాడుకునే దిగులుపాటలు నేర్పాడట. ఆయన కూతురికి నేర్పాడు. ఆ పిల్ల వేలితో తీగని పక్కకి లాగిందంటే అది మనిషిలాగే మూలిగేది. సారెతోపాటు ఆ గిటారూ అత్తారింటికొచ్చింది.

మేళం నడిపే మామగారు గుంపస్వామి మేస్త్రి విని చెవులు మూసుకున్నాడు. పెళ్ళిళ్ళకి వాయించుకుని బతికేవాళ్ళం, మనింట్లో ఈ ఏడుపు వాద్యమేమిటన్నాడు. ఊరేగింపులో దీన్ని చీమైనా వింటుందా అన్నాడు పెద్దబావ. నూకరత్నం మాత్రం తక్కువ తిందా? పప్పు రుబ్బింది, కళ్ళాపి చల్లింది, గిటారు మాత్రం వదల్లేదు. చివరికి మామగారు తేల్చేశాడు. రాజుగారమ్మాయి పెళ్ళికి మేళం మనదే, నువ్వూ రా, అక్కడ ఒక్కరైనా నీ వాద్యాన్ని మెచ్చుకోకపోతే దాన్ని సముద్రంలో కలిపేస్తానన్నాడు. ఆ పిల్ల గిటారుని గట్టిగా హత్తుకుంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ప్రాణం అదే మరి.

ఊ కొడుతున్నారా? కళ్ళు మూసుకోండి, నోరు మాత్రం మూసుకోకండి.

మగపెళ్ళివారు వాళ్ళ మేళాన్ని వెంట తెచ్చుకున్నారు. రెండు మేళాలు ఎదురుపడితే ఇంకేముంది, కోడిపందెమే. వాళ్ళు ఒకటి ఊదితే వీళ్ళు రెండు, వాళ్ళు రెండూదితే వీళ్ళు నాలుగు. మేళగాళ్ళకి ఇదొక జబ్బు, పెళ్ళి ఎవరిదో మర్చిపోతారు. రెండు రోజులు ఊదారు. ఆ మోతలో నూకరత్నం గిటారు ఎవరికి వినిపిస్తుంది? కాసేపు వాయించి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చివరికి మగపెళ్ళివారి మేళమే ఓడి, అలిగి వెళ్ళిపోయింది. మామగారు మీసం మెలేశాడు. మెలేస్తే ఏం లాభం, మూతులు బూరెల్లా వాచాయి, చిన్నబావ చేతులు బొబ్బలెక్కాయి.

మూడోరోజు పొద్దున అప్పగింతలు. పల్లకి పొలిమేర దాటేదాకా మేళం ఆగకూడదని ఆ ఊరి ఆచారం. రాజుగారు వాయించమన్నారు. మామగారు పిం అనబోతే ఫుస్ అంది. పెద్దబావ భోం అనబోతే తుస్ అంది. చిన్నబావ చెయ్యెత్తలేకపోయాడు. మొగుడొక్కడూ ఛిం ఛిం అంటుంటే అవి అప్పగింతల్లా లేవు, అంట్లు తోమినట్టుంది.

రాజుగారి మొహం ఎర్రబడింది. పెళ్ళికూతురేమో తల్లి ఒళ్ళోంచి లేవనంటోంది. నూకరత్నం గిటారు తీసింది. మామగారు చెయ్యి అడ్డం పెట్టాడు, శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఏడుపు పాటేమిటని.

"అప్పగింతల్లో కాకపోతే ఆడపిల్ల ఇంకెప్పుడు ఏడుస్తుందండీ మామగారూ?" అంది ఆ పిల్ల. అని తీగ లాగింది.

ఏం చెప్పనర్రా. ఆ పాటకి మాటల్లేవు. అయినా రాణిగారికి తన అప్పగింతలు గుర్తొచ్చాయి. వంటవాడికి ఎప్పుడో అత్తారింటికి పంపిన చెల్లెలు గుర్తొచ్చింది. యుద్ధంలో కూడా కంటతడి పెట్టని రాజుగారు కూతురి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. కరువుతీరా ఏడ్చాక పెళ్ళికూతురు తనే లేచి, కళ్ళు తుడుచుకుని, నవ్వుతూ పల్లకి ఎక్కింది. పొలిమేర దాటేదాకా గిటారు ఆగలేదు. రాజుగారు నూకరత్నానికి నిండు సభలో పట్టుశాలువా కప్పారు.

ఇంక చూసుకోండి, ఈ పెళ్ళి నుంచి ఆ పెళ్ళికి, ఊరి నుంచి పట్నానికి, పట్నం నుంచి ఓడెక్కి కళాసీ దేశానికి. అక్కడి పత్తిచేల మనుషులు విని, దిగులు మాదే, కట్టూ బొట్టూ మాత్రం మీవి అని ముద్దుచేశారట. ఇక్కడేమో పెళ్ళిపెద్దలు వచ్చి, మేళం సంగతి తర్వాత, ముందు మీ కోడలు ఖాళీయేనా అని అడిగేవాళ్ళు. మామగారికి కొన్నాళ్ళు కడుపుమంటే, అబద్ధమెందుకు.

ఆఖరికి ఆయన సొంత కూతురి పెళ్ళి వచ్చింది. మేస్త్రి అంటే బంగారు గుండీల ఎర్రకోటు తొడుక్కుని మేళానికి ముందు నడిచే మనిషి. అప్పగింతల వేళకి ఆయన ఆ కోటు విప్పి, అందరూ చూస్తుండగా కోడలి భుజాల మీద వేశాడు.

"అమ్మా, ఇవాళ మేస్త్రివి నువ్వే. నేను ఆడపిల్ల తండ్రిని. నువ్వు వాయించు, నేను ఏడ్చుకుంటాను" అన్నాడు.

అందుకే, ఇంట్లో నవ్వించేవాళ్ళు నలుగురున్నా, మనసారా ఏడవనిచ్చేవాళ్ళు ఒక్కరైనా ఉండాలర్రా. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పటి దారి పడదాం.