బాదం చెట్టు వెనక బొమ్మ

సుభాషిణి వేస్తున్న బొమ్మ పూర్తయింది గానీ, మనసు మాత్రం నిమ్మళించలేదు.

భీమిలి దాటాక ఉన్న ఒక పల్లెకారుల పేటలో, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ గోడ మీద వేసిందామె ఆ బొమ్మ. రాబోయే కాలపు ఊరు అది. సముద్రంలో చెత్త లేదు. మిద్దెల మీద కూరపాదులు అల్లుకున్నాయి. వీధి పొడుగునా పెద్ద పెద్ద చెట్లు, వాటి కింద ఒకే బంతిలో కూర్చుని అన్నం తింటూ ఊరి జనమంతా. ఎండనక, ఉప్పుగాలనక నిచ్చెన మీద నిలబడి వేసింది. ఎల్లుండి హైదరాబాదు నుంచి చిత్రకారులూ పత్రికలవాళ్ళూ చూడ్డానికి వస్తున్నారు.

చిక్కల్లా గోడ ముందున్న బాదం చెట్టుతోనే. దాని కొమ్మలు సగం బొమ్మని కప్పేశాయి. పైగా చేపలమ్మే ఆడవాళ్ళు దాని కిందే గంపలు పెట్టుకుని, గోడకి వీపులు ఆనించి కూర్చుంటారు. ఆ మేరకు రంగు అప్పుడే చెదిరిపోతోంది. కొమ్మలు కొట్టించడానికి ఎలాగో మనుషుల్ని మాట్లాడుకుంది. ఆడవాళ్ళే కదలడం లేదు.

చివరికి, తనకి రంగులు కలపడం నేర్పిన సన్యాసయ్య మాస్టారి దగ్గరికి వెళ్ళింది. పేటలో ఆయన మాటంటే అందరికీ గౌరవం.

"మీరొక్క మాట చెప్పండి మాస్టారూ. వాళ్ళని రోడ్డవతలకి వెళ్ళమనండి," అంది.

ఆయన సరేనని చెప్పులేసుకుని బయల్దేరారు.

వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. మాస్టారు ఈ చివర్నించి ఆ చివరిదాకా, కొమ్మలు పక్కకి వంచి మరీ బొమ్మని చూశారు. చాలా బాగా వేశావమ్మా అన్నారు. ఆయన నోట ఆ మాట కోసం ఏళ్ళుగా ఎదురుచూస్తున్న సుభాషిణికి కళ్ళు చెమ్మగిల్లాయి.

తర్వాత ఆయన ఆడవాళ్ళ వైపు తిరిగారు. అందరిలోకీ పెద్దదైన నూకాలు తమ బాధ చెప్పుకొచ్చింది. ఎండలో పెడితే పూట గడవకముందే చేప మెత్తబడిపోతుందని, మెత్తబడ్డ చేప ఎవరూ కొనరని, ఈ చెట్టుని మొక్కప్పటి నుంచీ నీళ్ళు పోసి పెంచింది తామేనని. మాస్టారు అంతా విన్నారు. లేవమని అనలేదు, ఉండమనీ అనలేదు.

నీడ దాటి, గోడ రెండో చివరకి నడిచారు. అక్కడ సుభాషిణి అన్నిటికన్నా పెద్ద చెట్టు వేసింది. ఆయన ఆ బొమ్మచెట్టు మొదట్లో, గోడకి వీపు ఆనించి, మండే ఎండలో చతికిలబడ్డారు.

ఆమె కాసేపు చూసింది. ఆయన నుదుటి మీంచి చెమట ధారగా కారుతోంది.

"అక్కడెందుకు మాస్టారూ? వడదెబ్బ తగుల్తుంది. చెట్టు కిందకి రండి."

"చెట్టు కిందే కూచున్నాను కదమ్మా," అన్నారాయన.

ఆ గొంతులో వెక్కిరింత లేదు. సుభాషిణి తలెత్తి తన చెట్టుని చూసింది. ఎంత ఓపిగ్గా వేసింది ఆ ఆకుల్ని! వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. గోడ పెనంలా కాలుతోంది.

ఇంతలో కొమ్మలు కొట్టేవాళ్ళు కత్తులూ తాళ్ళూ పట్టుకుని వచ్చారు. ఎంతవరకు కొట్టమంటారని అడిగారు. సుభాషిణి లేచి, ఒక్క కొమ్మ కూడా కొట్టొద్దని, ఊరికే శ్రమ ఇచ్చానని చెప్పి పంపేసింది. వాళ్ళు మొహమొహాలు చూసుకుంటూ వెళ్ళిపోయారు.

నూకాలు తన గంప పక్కకి జరిపింది.

"ఇలా రండి బాబూ," అని మాస్టారిని పిలిచి, సుభాషిణి వైపు చూసింది. "నువ్వూ రా గుంటా. మొకం కందిపోనాది."

ఇద్దరూ వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చున్నారు. నీడలో సముద్రపు గాలి చల్లగా తగిలింది. వీపు వెనక గోడ మీద రంగు తన జాకెట్టుకి అంటుకుంటోందని సుభాషిణికి తెలుస్తూనే ఉంది. జరగలేదు.

మెల్లగా అడిగింది.

"ఎల్లుండి వచ్చేవాళ్ళకి సగం బొమ్మ కనపడదు మాస్టారూ. వాళ్ళకేం చెప్పను?"

మాస్టారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"వాళ్ళని కూడా ఇలా బొమ్మ లోపలికొచ్చి కూచోమను."