భువన కట్టుకున్న బొమ్మ

వినీలకి వచ్చిన చిక్కు ఇది. సినిమా పూర్తయింది. అందులో ఉన్న అమ్మాయి మాత్రం అది తన గురించి కాదంటోంది.

వినీల మా మండలం హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు. ఆదివారాలు బొమ్మలాట ఆడించే యల్లోజీ దగ్గర తోలుబొమ్మల పని నేర్చుకుంటుంది. నాలుగేళ్లయింది. మేకతోలు గీరడం దగ్గర్నుంచి రంగులద్దడం దాకా అన్నీ పట్టుబడ్డాయి. తల, చేతులు, కాళ్లు విడివిడిగా చేసి దారంతో ముడి వేసే పనిలో గురువునే మించిపోయానని లోలోపల అనుకుంటుంది కూడా. పైకి అనదు, అంత తెలివితక్కువది కాదు.

జిల్లాలో విద్యార్థుల డిజిటల్ కథల పోటీ పెట్టారు. ఏడీహెచ్‌డీ, ఆటిజం ఉన్న పిల్లల గురించి నాలుగు నిమిషాల వీడియో చేసి పంపాలి. శనివారం సాయంత్రం ఐదింటికి గడువు. వినీల బడిలో ఎనిమిదో తరగతిలోనే ఇద్దరున్నారు. భువనకి ఆటిజం, లోహిత్‌కి ఏడీహెచ్‌డీ, ఒక్కచోట కుదురుండదు. ఇంకేం, టీచరుగారి కాళ్లు నేల మీద ఆనలేదు. ఇద్దరికీ చెరొక తోలుబొమ్మ చేసింది. వాటిని ఇంచుకింత కదపడం, ఒక ఫొటో తీయడం, మళ్లీ కదపడం. ఆ ఫొటోలన్నీ కలిపితే బొమ్మలు నడిచాయి. రెండు నెలలు పట్టింది.

సినిమాకి 'మూగ మొగ్గలు' అని పేరు పెట్టింది. భువన చక్కగా మాట్లాడుతుంది. లోహిత్ అయితే నోరు మూస్తే చాలురా బాబూ అనిపిస్తాడు. పేరు పెట్టేటప్పుడు ఆ సంగతి వినీలకి తట్టనే లేదు.

సోమవారం ఇద్దరికీ చూపించింది. తెర మీద భువన బొమ్మ మూలన తల దించుకుని కూర్చుంది. లోహిత్ బొమ్మ జ్వరం వచ్చినట్టు వణుకుతోంది. వెనకాల వీణ ఏడుస్తోంది. 'వీరిని దయతో చూద్దాం' అంటూ వినీల గొంతు. మొదటి నిమిషంలోనే లోహిత్ కిటికీ ఎక్కేశాడు. భువన ఆఖరి దాకా చూసి, "అది భువన కాదు" అని లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత డ్రాయింగ్ గదిలో అడుగు పెట్టలేదు.

ఆరో తరగతి నుంచి ఆ పిల్ల మధ్యాహ్నాలన్నీ ఆ గదిలోనే గడిపింది. ఆ ఖాళీ బల్ల చూసినప్పుడల్లా వినీల గుండె కలుక్కుమంటోంది. పోటీ పోతే పోయె, ఈ పిల్ల పోతే ఎలా? శనివారం పొద్దున్నే బొమ్మలు రెండూ చంకన పెట్టుకుని గురువు ఇంటికి పరిగెత్తింది.

"అయ్యవారూ, ఆ పాపని ఎట్ల ఒప్పించాలో తెలీడంల్యా. ఏం చెప్తే ఒప్పుకుంటాదో మీరే చెప్పండి."

యల్లోజీకి డెబ్బై దాటాయి. ఫోను చేయిచాపు దూరంలో పట్టుకుని నాలుగు నిమిషాలూ కదలకుండా చూశాడు.

"ముడులు బాగుండాయి," అన్నాడు.

వినీల ముఖం వెలిగిపోయింది.

"పాప యాడుంది?"

"బళ్లో. ఇప్పుడు మెట్ల మీద కూర్చోనుంటాది."

"పా అయితే," అని పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు.

భువన డ్రాయింగ్ గది బయట మెట్ల మీదే ఉంది. లోహిత్ ఆమె చుట్టూ అవే మెట్లు ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. యల్లోజీ ఎవరినీ పలకరించలేదు. రెండు మెట్లు కింద కూర్చుని తువ్వాలు పరిచాడు. వినీల చేతిలోంచి భువన బొమ్మ తీసుకున్నాడు. సంచీలోంచి చిన్న కత్తి తీసి మెడ దగ్గర ముడి పుటుక్కున కోశాడు.

"అయ్యవారూ!"

భుజం ముడి కోశాడు. మోచేయి, నడుము, మోకాళ్లు.

"మూడు వారాలు పట్టింది అయ్యవారూ, ఆ ఒక్క బొమ్మకే!" వినీల చెయ్యి అడ్డం పెట్టబోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన ముక్కలన్నీ తువ్వాలు మీద వరసగా పెట్టాడు. పక్కన దారం ఉండ, ఉలి, చిన్న సుత్తి, ఇంకా ఏమీ చెక్కని తోలు ముక్కలు, బొగ్గు పెట్టాడు. పెట్టి, జరిగి గోడకి ఆనుకున్నాడు.

వినీల భువన పక్కన కూర్చుంది. "చూడమ్మా భువనా, తాత ఏమంటున్నారంటే..."

"నోరు తెరు," అన్నాడు యల్లోజీ.

గురువు మాట కదా, తెరిచింది. ఆయన తమలపాకు చిలక ఒకటి అందులో కుక్కాడు. "నములు."

నమిలింది. బళ్లో ఉమ్మడానికి చోటు లేదు, మింగడానికి ధైర్యం లేదు. జన్మలో మొదటిసారి వినీల టీచరు ఇరవై నిమిషాలు నోరు మూసుకుని కూర్చుంది.

భువన మొదట చూడలేదు. తర్వాత చూసింది. తర్వాత ఒక్క వేలితో దించుకున్న తల ముక్కని తువ్వాలు మీద నుంచి అవతలికి నెట్టేసింది. కొత్త తోలు ముక్క లాక్కుని, బొగ్గుతో ఒక తల గీసింది. కళ్లు సూటిగా ముందుకు చూస్తున్నాయి. చెవి మాత్రం అన్నం పళ్లెమంత ఉంది.

తర్వాత ఉలి పట్టుకుంది. యల్లోజీ లేచి వచ్చి తోలు కదలకుండా పట్టుకున్నాడు, అంతే. టక్, టక్, టక్. చెవి నిండా చిల్లులు పడుతున్నాయి. తోలుబొమ్మకి చిల్లులు పెట్టేది నగల కోసం. వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వెలుగొచ్చి హారాలు, వడ్డాణాలు మెరుస్తాయి. చెవికి ఇన్ని చిల్లులు పెట్టిన వాళ్లని వినీల చూడలేదు. తమలపాకు బుగ్గన తోసి, ఉండబట్టలేక అడిగింది.

"ఇవేంటమ్మా?"

"ఇది ఫ్యాను," అంది భువన, ఒక్కో చిల్లు మీద వేలు పెడుతూ. "ఇది కుళాయి. ఇది సుద్దముక్క. ఇది ట్యూబులైటు. ఇది రోడ్డు మీద ఆటో. ఇది లోహిత్ చెప్పులు. అన్నీ ఒకేసారి వస్తాయి. ఇది మీ గాజులు."

వినీల చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ గాజులు గలగలలాడిస్తూ మూడేళ్లుగా ఆ పిల్ల బల్ల పక్కనే తిరిగింది తను. నెమ్మదిగా, చప్పుడు కాకుండా, ఒక్కొక్కటే తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

ఇంతలో లోహిత్ తాత సంచీ మొత్తం బోర్లించేశాడు.

"తాతా, ఇన్ని తలకాయలు ఎవరివి?"

"రావణునివిరా. ఇంకా అతికియ్యల్యా."

"నాకియ్యవా? నాకు ఒక్క తలకాయ చాలడంల్యా తాతా!"

యల్లోజీ పకపకా నవ్వి తీసుకోమన్నాడు. లోహిత్ వణికే బొమ్మ ముడులు తనే పీకేసి, దాని భుజాల మీద పది తలలూ పేర్చాడు. "సూడండి టీచర్! ఇది లెక్కలు వింటాంది. ఇది గ్రౌండులో కుక్కని సూస్తాంది. ఇది ఈ పొద్దు అన్నంలోకి గుడ్డు పెడ్తారా లేదా అంటాంది. ఇది రాకెట్ చేస్తాంది. ఇది... ఇప్పుడే ఏదో అనుకునింది, మర్చిపోయింది!"

"మరి ఆ వణకడం వద్దా?"

"నేనెప్పుడు వణికినా టీచర్?"

వినీల వాడు పీకేసిన దారాలు ఏరి పక్కన పెట్టింది.

పన్నెండు గంటలకి భువన తన బొమ్మకి ఆఖరి ముడి వేసింది. ముడి వంకరగా ఉంది, గట్టిగా ఉంది. బొమ్మని రెండు చేతులా ఎత్తుకుని, "తెర కావాలి" అంటూ డ్రాయింగ్ గదిలోకి నడిచింది. ఐదు రోజుల తర్వాత! వినీలకి గంతెయ్యాలనిపించింది. గంతేస్తే మళ్లీ చప్పుడని ఆగి, చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకుంది, ఏడ్చింది.

అక్కడి నుంచి గది గదిలా లేదు. తాత సంచీలోని తెల్ల పంచె రెండు బీరువాల మధ్య తెరగా కట్టారు. కిటికీలకి చార్టులు అంటించారు. వెనక బల్బు వెలిగించారు. ఫొటో ఫొటోగా తీయడానికి టైము లేదు. ఆట ఆడుతూనే వీడియో తీసేయాలి. వినీలకి మిగిలింది ఒక్క పని, ఫోనులో ఎర్రచుక్క నొక్కడం.

తోలుబొమ్మలాటలో ఆటగాళ్లు కాళ్ల కింద చెక్కపలకలు వేసుకుని తొక్కుతారు. యుద్ధమైనా, నడకైనా ఆ చప్పుడే. యల్లోజీ రెండు పలకలు తెప్పించి లోహిత్ ముందు పడేశాడు. పొద్దున్నుంచి ఆగని కాళ్లు వాటి మీద పడ్డాయి. ధన్ ధన్ ధన్ ధన్! పది తలలూ ఊగాయి. గోడలు అదిరాయి. అరవై ఏళ్లు ఆట ఆడిన ముసలాయన భళా అని అరిచాడు.

భువన బొమ్మ వదిలేసి చెవులు మూసుకుంది. "ఆపు! ఆపు!"

లోహిత్ ఆగాడు. వాడి ముఖం ఇంతైంది. ఇంత సంతోషంగా ఏదైనా చేస్తే ఆపమనడం వాడికి కొత్త కాదు, అయినా ప్రతిసారీ నొప్పే. వినీల నాలుక చివరిదాకా వచ్చింది, పలకలు తీసేద్దామని. పెదవి కొరుక్కుని ఊరుకుంది.

చెవుల మీద చేతులు తీయకుండానే భువన చాలాసేపు పలకల వంక చూసింది.

"నా బొమ్మ చెయ్యెత్తితే తొక్కు. దించితే ఆపు," అంది.

"ఎంతసేపు ఆపాల?"

"మళ్లీ ఎత్తేదాకా."

లోహిత్‌కి ఆపడమంటే మాటలా? ఐదుసార్లు తప్పాడు. చెయ్యి దిగాక కూడా కాళ్లు రెండు దరువులు ఎక్కువ వేసేవి. భువన విసుక్కోలేదు. "మళ్లీ" అంది, అంతే. గంట నాలుగు దాటింది. ఆరోసారి వినీల ఎర్రచుక్క నొక్కింది.

తెర మీద పది తలల కుర్రాడు తరగతిలోకి దూకాడు. చెవి పళ్లెమంత ఉన్న అమ్మాయి చెయ్యెత్తింది. దరువు మొదలైంది. ఫ్యాను, కుళాయి, సుద్దముక్క, ఆటో, చెప్పులు, అన్నీ ఆ కాళ్ల కింద నుంచే లేచాయి. పది తలలూ పది దిక్కులు చూశాయి. చెవిలోని చిల్లులన్నీ వెలిగాయి. దరువు పెరిగింది, ఇంకా పెరిగింది.

అమ్మాయి చెయ్యి దించింది.

ఏమీ లేదు. ఒక్క చప్పుడు లేదు. పది తలలు ఆగి, పదీ ఆమె వైపు తిరిగాయి. తెర మీద వెలుగు చుక్కలు, అంతే. అంత హాయి ఆ గదిలో ఉంటుందని వినీలకి ఎప్పుడూ తెలియదు. తెర వెనక లోహిత్ ఒక కాలు గాలిలో పెట్టుకుని, పళ్లు బిగించి, చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. తొక్కలేదు.

అమ్మాయి మళ్లీ చెయ్యెత్తింది.

నాలుగు యాభైకి వీడియో కంప్యూటర్లోకి ఎక్కింది. వినీల మౌస్ భువన వైపు జరిపింది. "పంపేదా వద్దా, నువ్వు చెప్పు."

"ఇంకోసారి చూడాలి," అంది భువన.

"మే, టైము అయిపోతాంది మే!" లోహిత్ గుండ్రంగా తిరిగేస్తున్నాడు. వినీల తన కుర్చీ వెనక్కి జరుపుకుంది. భువన మొదటి నుంచీ చివరి దాకా చూసింది. నాలుగు యాభై ఏడుకి మౌస్ పట్టుకుని, నొక్కింది. వీడియో వెళ్లిపోయింది! లోహిత్ కేక గ్రౌండు అవతలికి వినబడింది. వినీల వాణ్ణి పట్టుకుని తనూ అరిచింది, గ్రౌండులోకి పరిగెత్తి మరీ అరిచింది.

తిరిగొచ్చేసరికి యల్లోజీ సంచీ సర్దుకోకుండా భువన బల్ల ముందు నిలబడి ఉన్నాడు.

"పాపా, అరవై ఏండ్లు ఆడించినా. చప్పుడు చేసి జనాన్ని కూర్చోబెట్టేది వచ్చు నాకు. చప్పుడు ఆపి కూర్చోబెట్టేది రాదు. నేర్పుతావా? ఆదివారం వస్తా."

భువన తన బొమ్మని బల్ల మీద సరిచేసి పెట్టింది. "ఆదివారం కుదరదు. సోమవారం మూడున్నరకి. పలకలు తేవద్దు."

ముసలాయన చేతులు కట్టుకున్నాడు.

"అట్లే, అయ్యవారూ," అన్నాడు.